ఒకే మెట్టు మీద ఆరు దెబ్బలు

ప్రశ్న: మా పాప తొమ్మిదో తరగతి, నల్లగొండలోనే కీబోర్డ్ క్లాసుకు వెళ్తుంది. ఈమధ్య స్కార్లాటీ అనే ఆయన సొనాటా, కె.141 అట, ఫోన్‌లో విని అదే నేర్చుకుంటానని కూర్చుంది. పొద్దున లేస్తే ఒకే మెట్టు మీద టకటకటక. మెట్టు ఇరుక్కుందేమోనని కీబోర్డ్‌ని షాపుకు కూడా తీసుకెళ్లాను. మధ్యలో తప్పు స్వరాలు వినిపిస్తాయి, అడిగితే అంతే ఉంది నాన్నా అంటుంది. ఇందులో సంగీతం ఎక్కడుందండీ? ఆయన ఇటలీ వాడట, ఇది స్పెయిన్ సంగీతం ఎట్లా అయింది?
– ఒక తండ్రి, నల్లగొండ

జవాబు: షాపాయన ఏమన్నాడో రాయలేదు మీరు! కీబోర్డ్‌కేం కాలేదు, పాప చెప్పిందే నిజం.

ఇటలీ సంగతి ముందు తేల్చేద్దాం. దొమెనికో స్కార్లాటీ 1685లో నేపుల్స్‌లో పుట్టాడు, పోర్చుగల్ రాకుమారి మరియా బార్బరాకు సంగీతం చెప్పాడు. ఆమె 1729లో స్పెయిన్ కోడలైతే వెంట ఈయనా వెళ్లి ముందు సెవిల్‌లో, తర్వాత మాడ్రిడ్‌లో ఉండి 1757లో అక్కడే కన్నుమూశాడు. 555 సొనాటాలు, అంటే ఎక్కువగా ఒక్కరే మెట్ల వాయిద్యం మీద వాయించే చిన్న ముక్కలు, మిగిల్చాడు; కె.141 అన్నది వాటి జాబితాలో నంబరు. పుట్టుక ఇటలీది, చెవి మాత్రం స్పెయిన్‌ది.

ఇక ఆ టకటక. ఆ రోజుల్లో వాయించింది హార్ప్సికార్డ్ మీద. పియానోలో సుత్తి తీగను కొడుతుంది, ఇందులో మెట్టు నొక్కితే లోపల సన్నటి చెక్కపుల్ల లేచి, దానికి గుచ్చిన పక్షి ఈక మొన తీగను మీటుతుంది. చూడ్డానికి పియానో, చేసేది వీణ పని. గట్టిగా నొక్కినా మెల్లగా నొక్కినా చప్పుడు దాదాపు ఒకటే, కాబట్టి ఊపు తేవాలంటే స్వరాల గుంపుతో, దెబ్బల లెక్కతోనే తేవాలి. ఈ సొనాటాలో ఆయన చేసింది అదే, గిటార్ వాయించే చేతిని తెచ్చి మెట్ల మీద పెట్టాడు. కుడిచెయ్యి చాలాచోట్ల ఒకే స్వరాన్ని ఆరేసి సార్లు మోగిస్తుంటే, ఎడమచెయ్యి తీగలన్నిటినీ ఒక్కసారి గీరినట్టు స్వరాలను గుత్తులుగా వేస్తుంది. ఆ గుత్తుల్లో పక్కపక్క మెట్లు కూడా ఇరికించాడు, మీకు తప్పుగా వినిపించేవి అవే, రాసిందే అట్లా. డప్పులో చిటికెన పుల్ల సన్నగా ఆడుతుండగా మధ్యలో సిర్ర దెబ్బ పడితే కాళ్లు ఊరుకోవు కదా, దాదాపు ఆ సంగతే.

పాపకు రెండు మాటలు చెప్పండి. ఆరు దెబ్బలూ ఒకే వేలితో కొడితే చెయ్యి బిగుసుకుపోతుంది, మధ్యవేలు, చూపుడువేలు, బొటనవేలు ఒకదాని వెంట ఒకటి మారుతుండాలి, ఒక వేలు పూర్తిగా లేవకముందే ఇంకోటి దిగితే మెట్టు పలకదు, మీరు ఇరుక్కుందనుకున్నది బహుశా అందుకే. కీబోర్డ్‌లో హార్ప్సికార్డ్ వాయిస్ ఉంటే అది పెట్టి, టచ్ (నొక్కిన బలాన్ని బట్టి చప్పుడు మారే ఏర్పాటు) ఆఫ్ చేసి వాయించమనండి. ఫోన్‌లో విన్న స్పీడ్ గురించి టెన్షన్ వద్దు. ఈ ముక్కను పరుగుపందెంలా వాయించేవాళ్లు బోలెడుమంది, ఎడమచేతి గుత్తులు నలిగిపోయి ఉత్త టైపు మిషను చప్పుడు మిగులుతుంది, నాకైతే అస్సలు నచ్చదు.

పొద్దున నిద్ర పాడవుతోందంటే హెడ్‌ఫోన్ కొనిపెట్టండి. స్వరాలు వినిపించవు గానీ మెట్ల చప్పుడు ఎట్లాగూ వస్తుంది, వట్టి దరువు. అట్లా ఒకసారి గుమ్మం దగ్గర నిలబడి విని చూడండి.