అమ్మ పిత్తాశయంలో రాయి, బావ ఫోన్లో క్యాన్సర్

ప్రశ్న: మాది నరసన్నపేట దగ్గర పల్లె. అమ్మకి 54 ఏళ్లు, ఎనిమిదేళ్లుగా షుగర్. గర్భసంచి కోసం స్కానింగ్ తీయిస్తే పిత్తాశయంలో 12 మిల్లీమీటర్ల రాయి కనబడింది. నొప్పేమీ లేదు. ఒంట్లో గ్లూకోజు నుంచి పుట్టే మిథైల్‌గ్లయాక్సాల్‌కీ పిత్తాశయ క్యాన్సర్‌కీ సంబంధం ఉందని మా బావ ఫోన్లో చదివాడట. బెల్లం టీ మానిపించి వెంటనే ఆపరేషన్ చేయించమంటున్నాడు. అమ్మకి టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు డాక్టర్ గారూ?

జవాబు: బాబూ, ఆ పదార్థం మీ బావ ఒంట్లోనూ ఇప్పుడు తయారవుతూనే ఉంటుంది, బెల్లం టీ తాగినా చద్దన్నం తిన్నా. కణాలు గ్లూకోజును విరిచి శక్తి తీసుకునేటప్పుడు కొద్దికొద్దిగా పుడుతుంది, గ్లయాక్సలేజ్ అనే ఎంజైములు దాన్ని ఎప్పటికప్పుడు విరిచేస్తుంటాయి. షుగర్ అదుపు తప్పితే ఇది ఎక్కువవుతుంది, ప్రొటీన్లకీ డీఎన్ఏకీ అతుక్కుని వాటి పని చెడగొడుతుంది. డీఎన్ఏని మరమ్మతు చేసే బీఆర్‌సీఏ2 అనే ప్రొటీన్‌ని ఇది తాత్కాలికంగా పడగొడుతుందని 2024లో సింగపూర్ శాస్త్రవేత్తలు చూపించారు కూడా. అంటే అనుమానం ఊరికే పుట్టింది కాదు. అయితే క్యాన్సర్ గడ్డలో ఈ పదార్థం ఎక్కువ కనబడితే, దానివల్ల గడ్డ వచ్చిందో, క్యాన్సర్ కణాలు గ్లూకోజును తెగ వాడేసుకుంటాయి కాబట్టి గడ్డే దాన్ని పుట్టిస్తోందో ఒక్క కొలతతో తేలదు. దాన్ని పట్టుకుని మీ అమ్మకి కత్తి పెట్టలేం కదా.

పిత్తాశయ క్యాన్సర్ వచ్చినవాళ్లలో చాలామందికి రాళ్లుంటాయి, నిజమే. రాళ్లున్నవాళ్లలో క్యాన్సర్ వచ్చేది మాత్రం బహు కొద్దిమందికే. మన దేశంలో ఈ జబ్బు గంగా తీరంలో ఎక్కువ, దక్షిణాదిలో తక్కువ. నొప్పిలేని రాయికి మామూలుగా ఆపరేషన్ చేయరు, షుగర్ ఉన్నా సరే. రాయి 3 సెంటీమీటర్లు దాటినా, పిత్తాశయం గోడకి సున్నం పట్టినా, ఆ గోడ మీద సెంటీమీటరు పైబడిన పాలిప్ (లోపలికి పెరిగిన కండ) ఉన్నా లెక్క మారుతుంది, అందుకని స్కానింగ్ రిపోర్టులో గోడ గురించి ఏం రాశారో ఒకసారి సర్జన్‌కి చూపించండి.

కొండపిండి ఆకుతో కరిగిపోతుందని ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. జనం ఆ ఆకు వాడేది కిడ్నీ రాళ్లకి, ఇది కిడ్నీ కాదు. బెల్లం టీ మానిపించండి, బావ చెప్పాడని కాదు, షుగర్ ఉన్నవాళ్లకి బెల్లమైనా పంచదారైనా ఒకటే. మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ (గడిచిన రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే రక్తపరీక్ష) చేయించండి.

తిన్నాక కుడి డొక్కలో నొప్పి పట్టేసినా, చలిజ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా మాత్రం ఫోన్ చూస్తూ కూర్చోకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.