లాక్స్‌టన్: కంచెలు లేని పొలాల ఊరు

మధ్యయుగాల నాటి సేద్యం ఇంగ్లండ్‌లో ఇంకా ఎక్కడైనా ఉందా అని అడిగారు. ఉంది, నాటింగ్‌హామ్‌షైర్‌లోని లాక్స్‌టన్‌లో. 18, 19 శతాబ్దాల పార్లమెంటు చట్టాలు ముగిసేసరికి దేశంలో దాదాపు అన్ని ఊళ్ళ పొలాలకూ కంచెలు పడ్డాయి. ఇక్కడ మాత్రం వెస్ట్, సౌత్, మిల్ అనే మూడు పెద్ద పొలాలు అలాగే మిగిలాయి. ఒక్కో రైతుకు వాటిలో అక్కడొకటి ఇక్కడొకటి పొడవాటి ముక్కలుంటాయి. ఒక పొలంలో గోధుమ, ఇంకోదాంట్లో వసంతకాలపు పైరు, మూడోది గడ్డికో బీడుకో. మరుసటి ఏడు మారుస్తారు.

నాకు బాగా నచ్చేది వాళ్ళ జ్యూరీ. నవంబరు చివర్లో జ్యూరీ సభ్యులైన కొందరు రైతులు గోధుమ వేసిన పొలమంతా తిరిగి, హద్దు కొయ్యలు పాతి, ఉమ్మడి దారిలోకి దున్నినవాళ్ళెవరో రాసుకుంటారు. తర్వాత కోర్ట్ లీట్ అనే ఊరి న్యాయసభ జరిమానా వేస్తుంది. అది కూర్చునేది డవ్‌కోట్ ఇన్ అనే పబ్‌లో! మన గట్టు తగాదాలు చూసినవాళ్ళకు దీని విలువ బాగా తెలుస్తుంది.

1635లో మార్క్ పియర్స్ అనే సర్వేయర్ గీసిన మ్యాప్‌లో ఆనాటి ముక్కలన్నీ ఉన్నాయి. ఈ ఊరి భూముల ఎస్టేట్‌ను 1952లో ప్రభుత్వం కొంది. 1981లో అది రాచరికపు ఆస్తులను చూసే క్రౌన్ ఎస్టేట్‌కు, 2020లో దగ్గర్లోని ప్రైవేటు జమీ అయిన థోర్స్‌బీ ఎస్టేట్‌కు వెళ్ళింది.