బాబుని ఆ బెంచీ మీద ఒంటరిగా కూర్చోబెట్టకు

చెల్లెమ్మా, గుంటూరు నుంచి మహారాష్ట్రలోని బల్లార్‌పూర్‌కి ట్రాన్స్‌ఫర్ అయిందని, ఇక్కడి కతోలిక గుడి (చర్చి) మన గుడిలా ఉండదట కదా, బాబు మొదటి సత్ప్రసాదం (పూజలో పవిత్ర అప్పం మొదటిసారి పుచ్చుకోవడం) ఊళ్లోనే ఇప్పిస్తే పోలేదా అని అడిగావు. పద్దెనిమిదేళ్ల కిందట నేనూ అలాగే అనుకున్నాను. అది తప్పని చెప్పేవాళ్లు అప్పుడు నాకెవరూ లేరు. నీకు నేనున్నాను, కాస్త ఓపికగా చదువు.

ఇక్కడి చాందా మేత్రాసనం (బిషప్ గారి పరిధి) కేరళకు చెందిన తూర్పు సభ అయిన సీరో మలబార్ సభది, మనది లాటిన్ సభ. 1962లో ఈ ప్రాంతాన్ని వాళ్లకి అప్పగించారు. పూజ క్రమం వేరు, మా గుడిలో భాష హిందీ. అయినా అదీ పోపు గారి కింద ఉన్న కతోలిక సభే, సత్ప్రసాదమూ అదే. ఇది తెలియక నేను మొదటి ఆదివారం పూజ మధ్యలోనే లేచి బయటికి వచ్చేశాను. ఆ తర్వాత రెండేళ్లు మావాణ్ణి సత్యోపదేశం (మత బోధ) క్లాసుకి పంపలేదు. హిందీలో వీడికేం ఎక్కుతుంది, వేసవిలో ఊరెళ్లి నెల రోజుల్లో నేర్పించేద్దాం అనుకున్నాను.

వెళ్లాం. విచారణ గురువులు (అక్కడి ఫాదర్ గారు), మీ విచారణ (చర్చి పరిధి) నుంచి ఉత్తరం తెచ్చారా అని అడిగారు. తేలేదు. సత్యోపదేశంలో ప్రశ్నలు వేస్తే వాడికి సగం రాలేదు. మా అక్క పిల్లలు తెల్లబట్టలు వేసుకుని, కొవ్వొత్తులు పట్టుకుని వరుసగా నడిచి వెళ్తుంటే, వాళ్ల వయసువాడే మావాడు నా పక్కన బెంచీ మీద కూర్చుని చూశాడు. తిరుగు రైల్లో వరంగల్ దాటేదాకా నోరు విప్పలేదు. ఏడ్చినా బాగుండేది.

జూన్‌లో ఇక్కడి క్లాసులో చేర్చాను. పిల్లలంతా ఒక పక్క, భాష రాని వీడొక్కడూ ఒక పక్క. దాంతో నేనూ వెనక బెంచీలో కూర్చోవడం మొదలుపెట్టాను. నాలుగు నెలలు ఒక్క ఆదివారం కూడా మానలేదు. నా హిందీ ఆ క్లాసులో వచ్చిందే. మరుసటి ఏడు వాడు ఇక్కడే మొదటి సత్ప్రసాదం పుచ్చుకున్నాడు. ఇవాళ అదే గుడిలో చిన్నపిల్లలకి సత్యోపదేశం చెబుతున్నాడు.

అప్పుడే ఇంకో పొరపాటు చేశాను. జపాలన్నీ హిందీలో వచ్చేశాయి కదా అని ఇంట్లో తెలుగు జపం మానేశాం. ఒకరోజు మా అమ్మ ఫోన్‌లో "దేవవరప్రసాదముచేత నిండిన మరియమ్మా" అని మొదలుపెడితే వాడు "ప్రణామ్ మరియా" అన్నాడు. మనవడితో కలిసి జపమాల చెప్పుకునే భాగ్యం కూడా లేదా అంది అమ్మ. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాటి నుంచి పది పూసలు తెలుగులో, పది పూసలు హిందీలో. నువ్వు మొదటి రోజు నుంచే అలా చెయ్యి. తెలుగు జపాల పుస్తకం ఊరి నుంచే తెచ్చుకో.

కాగితాల గురించి టెన్షన్ పడకు. జ్ఞానస్నానం సర్టిఫికెట్ ఊరి విచారణలో కొత్తగా తీయించి తీసుకురా. ఇక్కడ సత్ప్రసాదం పుచ్చుకున్నంత మాత్రాన మీ సభ మారిపోదు, మీరు లాటిన్‌వాళ్లుగానే ఉంటారు. ఇక్కడ పుట్టిన మా అమ్మాయికి జ్ఞానస్నానంతోపాటే భద్రమైన అభ్యంగనమూ (విశ్వాసంలో బలపరిచే తైలాభిషేకం) ఇచ్చారు. తూర్పు సభల పద్ధతి అది, మళ్లీ రెండోసారి ఇవ్వరు. బాబుకి ఎనిమిదేళ్లు వచ్చేశాయని కంగారు వద్దు. పదో పయస్ పోపు గారు 1910లో మొదటి సత్ప్రసాదానికి చెప్పింది ఏడేళ్ల ప్రాంతంలో, కాస్త అటూ ఇటూ అని. మిగతావి ఫాదర్ గారు చెబుతారు.

నా బెంగంతా నీ గురించే. పేపర్ మిల్లు, బొగ్గు గనుల వల్ల ఇక్కడ మన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు కానీ మన గుడికి వచ్చేవాళ్లు తక్కువ. ఆయన షిఫ్టుకి, బాబు బడికి వెళ్లాక రోజంతా ఇంట్లో నువ్వొక్కదానివే. నాకైతే మొదటి ఏడు గోడలతో మాట్లాడుకున్నట్టే గడిచింది. అందుకే క్లాసు అయిపోగానే బాబు చెయ్యి పట్టుకుని గబగబా ఇంటికి వెళ్లిపోకు. తల్లులు బయట చెట్టు కింద ఒక పది నిమిషాలు నిలబడి మాట్లాడుకుంటారు. మాట అర్థం కాకపోయినా అక్కడ నిలబడు. మా అమ్మాయి పురిటికి నాకు వండిపెట్టిన మలయాళీ ఆవిడ ఆ చెట్టు కిందే పరిచయమైంది.