ఒక డీఎన్ఏ క్రమం మీద సీఆర్‌ఎక్స్ చిప్-సీక్‌లో పీక్ ఉంది, హెక్ కణాల్లో వెలుగు లేదు. అది ఎన్‌హాన్సర్ (జన్యువును లేపే డీఎన్ఏ ముక్క) కాదనుకోవచ్చా?

అప్పుడే అనుకోవద్దు. మీ దగ్గరున్నవి రెండు ఆధారాలు: ఎలుక రెటీనాలో సీఆర్‌ఎక్స్ చిప్-సీక్ పీక్ (జన్యువులను నడిపే సీఆర్‌ఎక్స్ ప్రొటీన్ డీఎన్ఏ మీద ఎక్కడ కూర్చుందో చూపే పరీక్షలో గుర్తు), ల్యాబ్‌లో పెంచే హెక్293 మనిషి కణాల్లో లూసిఫరేజ్ (వెలుగునిచ్చే ఎంజైమ్) సున్నా. రెండూ కలిపినా ఏ సంగతీ తేలదు.

హెక్ కణాల్లో సీఆర్‌ఎక్స్ లేదు, ఎన్‌ఆర్‌ఎల్ అనే మరో నియంత్రణ ప్రొటీన్ కూడా లేదు. రాడ్ కణంలో (మసక వెలుతురులో చూసే కణం) రొడాప్సిన్ అనే కాంతిని పట్టే ప్రొటీన్ జన్యువును ముఖ్యంగా నడిపేవి ఆ రెండే. వాటిని వేరే ప్లాస్మిడ్ల (గుండ్రటి డీఎన్ఏ ముక్కల) మీద అందిస్తే కొంత వెలుగు వస్తుంది గానీ, అప్పుడు మీరు పోసిన మోతాదే ఫలితాన్ని నడిపిస్తుంది. పైగా రాడ్‌లో కోన్ (రంగులు చూసే కణం) జన్యువులను అణచిపెట్టే ఎన్‌ఆర్‌2ఈ3 లాంటి ప్రొటీన్లు అక్కడుండవు.

ఇక పీక్ సంగతి. అక్కడ ప్రొటీన్ కూర్చుందని మాత్రమే అది చెబుతుంది, కూర్చుని ఏం చేస్తోందో చెప్పదు. సీఆర్‌ఎక్స్ ఇష్టపడే క్రమం టీ-ఏ-ఏ-టీ-సీ-సీ. ఆరే అక్షరాలు కాబట్టి రెండు పోగులూ కలిపి చూస్తే దాదాపు రెండు వేల బేస్‌లకు ఒకసారి ఊరికే తగులుతుంది. అసలు చిక్కు వేరే ఉంది. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ బృందం వేల క్రమాలను ఎలుక రెటీనాలో పరీక్షించి 2016లో చూపిందేమిటంటే, సీఆర్‌ఎక్స్ గట్టిగా అంటుకునే క్రమాలు జన్యువును అణచివేస్తాయి, ఒక మోస్తరుగా అంటుకునేవి లేపుతాయి. పక్కన ఎన్‌ఆర్‌ఎల్ సైట్ (అది అంటుకునే చోటు) ఉంటే ఆ అణచివేత పోతుంది. కాబట్టి మోటిఫ్ స్కోరు (ప్రొటీన్ ఇష్టపడే క్రమంతో పోలిక) ఎక్కువుంది గనక మంచి ఎన్‌హాన్సర్ అనే లెక్క ఇక్కడ తిరగబడవచ్చు. మీ క్రమంలో సీఆర్‌ఎక్స్ సైట్లు ఎన్ని, ఎన్‌ఆర్‌ఎల్ సైట్ ఉందా లేదా అన్నది ముందు చూడండి.

పరీక్ష రెటీనాలోనే చెయ్యాలి. అప్పుడే పుట్టిన ఎలుక పిల్లల రెటీనా తీసి ఎలక్ట్రోపొరేషన్ (కరెంటు పల్సులతో డీఎన్ఏని లోపలికి పంపడం) చెయ్యడం తేలిక దారి. వెనకనున్న పిగ్మెంట్ పొరను పూర్తిగా ఒలిచెయ్యండి. అది మిగిలితే డీఎన్ఏ లోపలికి పోదు. లెన్స్ మాత్రం ఉంచండి, లేకపోతే రెటీనా ముడుచుకుపోతుంది. పీబీఎస్ అనే ఉప్పు ద్రావణంలో ఒక్కో ప్లాస్మిడ్ మైక్రోలీటరుకు 0.5 మైక్రోగ్రాములు, 30 వోల్టులు, 50 మిల్లీసెకన్ల పల్సులు ఐదు, మధ్యలో 950 మిల్లీసెకన్ల విరామం. డీఎన్ఏ పాజిటివ్ వైపు పోతుంది కాబట్టి ఫొటోరిసెప్టర్లు (రాడ్‌లు, కోన్‌లు) తయారయ్యే బయటి వైపు నెగటివ్ పలక దిక్కుకు ఉండాలి. తిప్పి పెడితే ఏ వెలుగూ రాదు, మీరేమో ప్లాస్మిడ్‌ని అనుమానిస్తూ కూర్చుంటారు. తర్వాత 0.2 మైక్రాన్ల ఫిల్టర్ మీద, లెన్స్ వైపు కిందికి ఉండేలా పెట్టి 8 రోజుల కల్చర్.

మీ క్రమం ఆకుపచ్చ రిపోర్టర్‌ని (పనిచేస్తే వెలుగుతో కనిపించే జన్యువుని) నడపాలి. దానితోపాటు, ముందే తెలిసిన ప్రమోటర్ (జన్యువును మొదలుపెట్టే డీఎన్ఏ ముక్క) నడిపే ఎర్ర రిపోర్టర్‌ని ప్రతి రెటీనాకూ కలపండి. ఒక్కో రెటీనా డీఎన్ఏని ఒక్కో స్థాయిలో తీసుకుంటుంది. అందుకే ఆకుపచ్చ ఒక్కటే కొలిస్తే అర్థం లేదు, ఆకుపచ్చ-ఎరుపు నిష్పత్తి కావాలి. పోల్చడానికి అసలు క్రమం, అదే క్రమాన్ని కలగాపులగం చేసినది, టీ-ఏ-ఏ-టీని టీ-ఏ-సీ-టీగా మార్చి సీఆర్‌ఎక్స్ సైట్‌ని చెడగొట్టినది, మూడూ ఉండాలి. మూడోది వదిలేస్తే, వెలుగు వచ్చినా అది సీఆర్‌ఎక్స్ వల్లేనని చెప్పలేరు.

బేసల్ ప్రమోటర్ (మీ క్రమంతోపాటు రిపోర్టర్ ముందు పెట్టే కనీస ప్రమోటర్) ఎంపిక దగ్గర చాలామంది తడబడతారు. హెచ్‌ఎస్‌పీ68 లాంటి బలహీనమైన దాని మీద ఎన్‌హాన్సర్ కనిపిస్తుంది, అణచివేసే క్రమం కనిపించదు, సున్నా కంటే కిందికి దిగలేదు కదా. అణచివేత అనుమానముంటే రొడాప్సిన్ మినిమల్ ప్రమోటర్ వాడండి, కానీ అందులోనే సీఆర్‌ఎక్స్, ఎన్‌ఆర్‌ఎల్ సైట్లున్నాయని గుర్తుంచుకుని ఫలితం చదవండి.

మీ క్రమం కోన్ జన్యువుకు దగ్గరలో ఉంటే ఈ పద్ధతి పనికిరాదు. ఎలుకలో కోన్ కణాలు పుట్టుకకు ముందే విభజన ముగించేస్తాయి. పుట్టిన రోజున డీఎన్ఏని తీసుకునే కణాలు ఎక్కువగా రాడ్‌లవుతాయి, కొన్ని బైపోలార్, అమక్రైన్, ముల్లర్ కణాలవుతాయి. కోన్‌లకైతే గర్భంలోని పిల్లల రెటీనాయో, కోడిపిల్ల పిండం రెటీనాయో తీసుకోవాలి.

ఇంకో హద్దు కూడా ఉంది: ప్లాస్మిడ్‌లో దూరం అనే విషయం పోతుంది. మనిషి ఎక్స్ క్రోమోజోమ్ మీద ఎరుపు, ఆకుపచ్చ ఆప్సిన్ (కోన్‌లో కాంతిని పట్టే ప్రొటీన్) జన్యువులు వరసగా ఉంటాయి. ఎరుపు జన్యువుకు 3.1 నుంచి 3.7 కిలోబేస్‌లు ఎగువనున్న లోకస్ కంట్రోల్ రీజియన్ (దూరం నుంచి జన్యువులను నడిపే డీఎన్ఏ ముక్క) ఒక్కో కోన్‌లో ఆ వరసలోని ఒక్క జన్యువునే నడుపుతుంది. ఆ ముక్క తెగిపోతే జన్యువులు చెక్కుచెదరకపోయినా రెండూ మూగబోతాయి, ఫలితం బ్లూ కోన్ మోనోక్రొమసీ, అంటే కోన్‌లలో నీలానివి మాత్రమే పనిచేసే చూపు లోపం. ఇలాంటి ముక్క ఏ ప్రమోటర్‌ని ఎంచుకుంటుందన్నది ఒక రిపోర్టర్ ప్లాస్మిడ్‌లో తెలియదు. అలాంటి ప్రశ్నకు ఎలుక జీనోమ్‌లోనే మీ క్రమాన్ని క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో తీసేసి, రెటీనా ఆర్‌ఎన్‌ఏ కొలవాల్సిందే.