ఇంటి గేదె పాలు తోడుకోవడం లేదు, అదే తోడుతో ప్యాకెట్ పాలు తోడుకుంటున్నాయి. ఆ పాలు వాడుకోవచ్చా?

ముందు జవాబు చెప్పేస్తాను: వాడకండి. పిల్లలకు అసలే వద్దు. తప్పు తోడుది కాదు, మీ చేతిది కాదు, దిష్టిది అంతకన్నా కాదు. ఈ మధ్య గేదెకు ఎవరైనా ఇంజెక్షన్ చేశారేమో, చనులోకి ట్యూబు మందు ఎక్కించారేమో ఇంట్లో ఒక్కొక్కరినీ విడివిడిగా అడగండి. విడివిడిగా అని ఎందుకన్నానో కింద చెబుతాను.

మీరు రాసింది ఇదీ. అమలాపురం దగ్గర పల్లె, ఇంటి గేదె. వారం నుంచి పెరుగు గట్టిపడటం లేదు, తెల్లారి చూస్తే తియ్యగా పాలలాగే ఉంటోంది. పక్కింటి తోడు తెచ్చినా అంతే. ఆ తోడే ప్యాకెట్ పాలలో వేస్తే గడ్డలా తోడుకుంది. అత్తగారు ఉప్పు, మిరపకాయలు దిగదీసి పొయ్యిలో వేశారు. ఆ చివరిది అలా ఉంచితే, ప్యాకెట్ పాలతో పోల్చి చూడటం చాలా మంచి పని. తోడు బతికే ఉందని, వంటింటి వేడి సరిపోయిందని ఆ ఒక్క గిన్నెతో తేలిపోయింది. ఇక అనుమానించాల్సింది పాలనే.

నాది రాజోలు వైపు. డెయిరీ ల్యాబ్‌లో పాలకు సూక్ష్మజీవుల పరీక్షలు చేయడం నా ఉద్యోగం. పాల కేంద్రాల నుంచి వచ్చే నమూనాలకు మేం చేసే ఒక పరీక్ష మీ ప్రశ్నకు సరిగ్గా సరిపోతుంది. వేలంత గాజు గొట్టంలో అడుగున అగర్ అనే ఊదారంగు జెల్లీ ఉంటుంది. అందులో జియోబాసిల్లస్ స్టియరోథెర్మోఫిలస్ అనే బాక్టీరియా బీజాలు నిద్రలో ఉంటాయి. పైన కొన్ని చుక్కల పాలు వేసి, 64 డిగ్రీల వేడిలో రెండున్నర, మూడు గంటలు ఉంచుతాం. పాలు శుభ్రమైనవైతే బీజాలు మొలకెత్తి, ఆమ్లం పుట్టి, ఊదారంగు పసుపుగా మారుతుంది. పాలలో యాంటీబయాటిక్ ఉంటే ఊదా ఊదాగానే ఉండిపోతుంది. వరసగా పసుపు గొట్టాల మధ్య ఒక్క ఊదా గొట్టం కనబడిందంటే, ఆ పూట ఆ కేంద్రానికి ఫోన్ల మీద ఫోన్లు వెళతాయి. మీ పెరుగు గిన్నె రాత్రంతా చేసిందీ దాదాపు ఇదే పరీక్ష. రంగు లేదు, అంతే తేడా.

ఇలాంటిదే మా పెద్దమ్మ ఇంట్లో జరిగింది. "ఏరా, అంత చదువు చదివావు, నా పాలు ఎందుకు తోడుకోవట్లేదో చెప్పు" అని ఫోన్. అప్పటికే ఆవిడ తోడు మార్చింది, కుండ మార్చింది, గిన్నెను పొయ్యి పక్కకు జరిపింది, మూత మీద దుప్పటి కూడా కప్పింది. గేదెకు సూది వేయించారా అంటే "లేదురా, దానికేం, రాయిలా ఉంది" అంది. సాయంత్రం వెళ్లి గొడ్ల సావిడిలో చూస్తే, చూరు తాటాకుల్లో దోపిన ఖాళీ మందు సీసా ఒకటి కనిపించింది. లేబుల్ సగం చిరిగిపోయింది గానీ మందు పేరు చివర "సిలిన్" అని ఉంది. అంటే పెన్సిలిన్ జాతి యాంటీబయాటిక్. నాకు అంతవరకు చాలు. పొదుగు ఒక పక్క గట్టిగా ఉందని పెదనాన్నే ఎవర్నో పిలిపించి సూది వేయించారట. "చెబితే ఎంతయిందని అడుగుతుంది కదా" అన్నారు తాపీగా. విడివిడిగా అడగమన్నది అందుకే.

పాలు పెరుగవడం అంటే లాక్టిక్ ఆమ్లం చేసే బాక్టీరియా పని చేయడమే. ఇంటి తోడులో ఒక్క రకం ఉండదు. లాక్టోకోకస్ లాక్టిస్, స్ట్రెప్టోకోకస్ థెర్మోఫిలస్, లాక్టోబాసిల్లస్ జాతివి కలగలిసి ఉంటాయి, ఇంటింటికీ పాళ్లు మారతాయి. అవి పాలలోని లాక్టోజ్ చక్కెరను వాడుకుని లాక్టిక్ ఆమ్లం వదులుతాయి. పులుపును కొలిచే అంకె పీహెచ్, పులుపు పెరిగేకొద్దీ అది తగ్గుతుంది. మామూలు పాల పీహెచ్ 6.7 దగ్గర ఉంటుంది. అది తగ్గుతూ తగ్గుతూ 4.6 చుట్టుపక్కలకు వచ్చేసరికి కేసిన్ అనే ప్రోటీన్ కణాలు ఒకదానికొకటి అతుక్కుని గడ్డకడతాయి. మనం తినే పెరుగు అదే.

అయితే ఆ పులుపు రుచి కోసమే కాదు, కాపలాకి కూడా. పాలు ఎంత కాచినా బాసిల్లస్ జాతి బీజాలు కొన్ని బతికే ఉంటాయి. కాచాక గరిటె నుంచి, చేతి నుంచి, ఈగల నుంచి కొత్త క్రిములు వచ్చి పడతాయి. తోడు వేయడమంటే బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకోవడం లాంటిది. మంచి బాక్టీరియా కోట్లలో ముందే దిగి, కొన్ని గంటల్లోనే ఆమ్లం పెంచేస్తుంది. పీహెచ్ అంత కిందికి పోయాక రోగక్రిముల్లో చాలావాటికి పెరిగే వీలుండదు. అన్నీ చచ్చిపోతాయని కాదు, పెరగలేవు. కాబట్టి పెరుగు మరీ పుల్లబడిందంటే నాకు భయం లేదు, మజ్జిగ పులుసు పెట్టుకుంటాం. రాత్రంతా వెచ్చగా ఉండి కూడా పులవని పెరుగు ఉంది చూశారా, నేను ముట్టుకోనిది దాన్ని.

పులవకుండా ఆపడానికి మందు ఎంత కావాలంటే, చాలా కొద్దిగా. స్ట్రెప్టోకోకస్ థెర్మోఫిలస్‌కి పెన్సిలిన్ అంటే చచ్చేంత భయం. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ పాలలో పెన్సిలిన్‌కు పెట్టిన హద్దు కిలోకు 4 మైక్రోగ్రాములు. లెక్క వేస్తే, ఒకే ఒక్క గ్రాము మందు 10,000 లీటర్ల ట్యాంకర్లు పాతికింటిని ఆ హద్దుదాకా తీసుకుపోతుంది. గేదెకు చేసే సూదిలో గ్రాముల లెక్కన ఉంటుంది మందు. అదంతా పాలలోకి రాదు గానీ, వచ్చిన కాస్త చాలు తోడుని పడుకోబెట్టడానికి. కాస్తే పోతుందిగా అంటారు కొందరు. పోదు. పాలు మరిగే వేడికి పెన్సిలిన్ జాతి మందులు కొద్దిగా తగ్గుతాయి, అంతే.

సూది ఎందుకు వేసి ఉంటారో కూడా ఊహించగలను. పొదుగువాపు. మన డెల్టాలో ముసురు పట్టిందంటే సావిడి నేల ఆరదు. వరిగడ్డి, పేడ, ఉచ్చ కలిసి బురద. వేసవిలో కాలువలు కట్టేస్తే గేదెలు చెరువు అడుగు నీళ్లలో పొర్లుతాయి. పాలు పిండాక చనుకొన రంధ్రం వెంటనే మూసుకోదు, కొంతసేపు తెరిచే ఉంటుంది. అప్పుడే గేదె ఆ బురదలో పడుకుంటే క్రిములు లోపలికి పోతాయి. (పిండిన వెంటనే ఇంత గడ్డి ముందర వేయండి. తింటూ నిలబడే ఉంటుంది. పైసా ఖర్చు లేని పని, అయినా చేసేవాళ్లు తక్కువ.) లోపలికి పోయేవాటిలో ముఖ్యమైనవి స్టెఫైలోకోకస్ ఆరియస్, స్ట్రెప్టోకోకస్ అగలాక్టియే, ఈ.కోలై. పొదుగు పట్టుకుంటే వేడిగా, గట్టిగా ఉండటం, పాలలో చిన్న చిన్న తునకలు రావడం, పాలు కాస్త ఉప్పగా ఉండటం దీని గుర్తులు. మొదటి ధారలు నల్లటి గుడ్డ మీద పిండి చూస్తే తునకలు ఇట్టే కనబడతాయి.

ఈ స్టెఫైలోకోకస్ ఆరియస్‌తో ఇంకో చిక్కుంది. అది వెచ్చటి పాలలో బాగా పెరిగితే విషం వదులుతుంది. కాస్తే క్రిమి చస్తుంది, విషం మాత్రం అలాగే ఉంటుంది. 2000లో జపాన్‌లోని ఒసాకా ప్రాంతంలో 13,000 మందికి పైగా వాంతులు, విరేచనాలతో మంచాన పడ్డారు. ఆరా తీస్తే హొక్కైడోలో పాలపొడి తయారయ్యే చోట కొన్ని గంటలు కరెంటు పోయిందని, వెచ్చగా నిలిచిపోయిన పాలలో ఈ క్రిమి పెరిగి విషం వదిలిందని తేలింది. తర్వాత పాలను వేడి చేశారు, క్రిములు పోయాయి, విషం పొడిలో ఉండిపోయింది. బాసిల్లస్ సీరియస్ చేసే వాంతుల విషం కూడా మరిగిస్తే పోయే రకం కాదు. అందుకని "తోడుకోలేదు కదా, మళ్లీ కాచి కోవా చేసేద్దాం, సేమ్యా పాయసంలో పోసేద్దాం" అనే ఆలోచన పెట్టుకోవద్దు. రాత్రంతా వెచ్చగా, పులుపు లేకుండా, కాపలా లేకుండా ఉన్న పాలవి. దానికి తోడు, పెన్సిలిన్ పడనివాళ్లు ఇంట్లో ఉంటే ఒంటిమీద దద్దుర్లు రావచ్చు. ఆ మందుకు లొంగని క్రిములకు రోజూ మనమే మేత వేసినట్టు కూడా అవుతుంది.

ఇంజెక్షన్ ఎవరూ చేయలేదని నిజంగా తేలితే? పొదుగువాపు ఒక్కటే కారణం కావచ్చు. వాపు పాలలో లాక్టోజ్ తగ్గుతుంది, ఉప్పు పెరుగుతుంది, తోడు నెమ్మదిస్తుంది. కాకపోతే పూర్తిగా ఆగడం అరుదు. పాల గిన్నె బ్లీచింగ్ నీళ్లతో కడిగి సరిగా తొలపకపోయినా తోడు చస్తుంది. వరద తగ్గాక లంక గ్రామాల నుంచి ఇలాంటి ఫిర్యాదులు విన్నాను. వేలు పెట్టలేనంత వేడి పాలలో తోడు వేసినా అంతే, కానీ మీ విషయంలో అది కాదు. ఇంటి పాలు కాబట్టి, పులుపు తెలియకుండా ఎవరో సోడా కలిపి ఉంటారన్న అనుమానమూ అక్కర్లేదు.

ఇంకో నిందితుడు ఉంది, ఇంటి పెరుగులో అరుదు గానీ మా వృత్తిలో అందరికీ టెన్షన్ పెట్టేది. బాక్టీరియాను తినే వైరస్, ఫేజ్ అంటారు. చీజ్ తయారీలో తోడు ఉన్నట్టుండి చచ్చిపోవడానికి కారణం ఇదేనని న్యూజిలాండ్‌లో వైట్‌హెడ్, కాక్స్ 1935లో చూపించారు. ఈ బెడదను తట్టుకునే తోడు కోసం వెతుకుతూ, డానిస్కో అనే కంపెనీ శాస్త్రవేత్తలు బరాంగూ, హోర్వాత్ తదితరులు 2007లో మన పెరుగు బాక్టీరియా స్ట్రెప్టోకోకస్ థెర్మోఫిలస్‌లో ఒక విచిత్రం బయటపెట్టారు. ఒకసారి దాడి చేసిన ఫేజ్ డీఎన్‌ఏ ముక్కను అది తన జన్యువుల్లో దాచుకుని, మళ్లీ ఆ ఫేజ్ వస్తే గుర్తుపట్టి కోసేస్తుందట. క్రిస్పర్ అంటే ఇదే. దాన్ని జన్యువులు కోసే పనిముట్టుగా మలిచినందుకు షార్పాంటియే, డౌడ్నాలకు 2020 రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. పెరుగు తోడుకోకపోవడం అనే వంటింటి గొడవ ఎంతదూరం పోయిందో చూడండి. మీ తోడు ప్యాకెట్ పాలలో హాయిగా పనిచేసింది కాబట్టి ఫేజ్ మీద అనుమానం పడక్కర్లేదు.

ఇక చేయాల్సింది. మందు ఏదో తెలుసుకోండి. ఆఖరి మోతాదు తర్వాత ఎన్నాళ్లు పాలు వాడకూడదో లేబుల్ మీద ఉండాలి. అలా నిర్ధారించిన గడువు లేని మందులకు పాల విషయంలో కనీసం 7 రోజులు పాటించాలని మన దేశంలో 2012లో నిబంధన తెచ్చారు. లెక్క మొదటి సూది నుంచి కాదు, ఆఖరి సూది నుంచి. ట్యూబు మందు ఒక చనులోకే ఎక్కించినా నాలుగు చనుల పాలూ పక్కన పెట్టాల్సిందే, రక్తంలో కలిసి మిగతావాటిలోకీ వస్తుంది.

గడువు అయ్యాక ఇంట్లోనే చూసుకోవచ్చు. నాలుగు స్టీలు గ్లాసుల్లో నాలుగు చనుల పాలు విడిగా పిండి, విడిగా కాచి, గోరువెచ్చగా అయ్యాక ఒకే తోడు ఒకే కొలతలో వేయండి. ఐదో గ్లాసులో ప్యాకెట్ పాలు. ఐదూ ఒకేచోట పెట్టండి. ప్యాకెట్ పాలు తోడుకునే వేళకి మిగతావీ తోడుకోవాలి. ఒక్క గ్లాసే వెనకబడితే ఆ చనులో వాపు ఇంకా ఉన్నట్టు, పశువుల డాక్టరుకు చూపించండి. ఒక్క మాట. తోడుకుంది కాబట్టి మందు అస్సలు లేదని అనుకోకండి. యాంటీబయాటిక్‌లలో కొన్ని తోడు బాక్టీరియాను పెద్దగా ఆపవు, అలాంటి మందు పాలలో ఉన్నా పెరుగు మామూలుగానే అవుతుంది. గ్లాసుల పరీక్ష గడువు తర్వాత చేసేదే తప్ప గడువుకు బదులు కాదు.

ఇంకొకటి, చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. "ఇంట్లో ఎలాగూ తోడుకోవట్లేదు, కేంద్రంలో పోసేద్దాం" అనుకునేవాళ్లు మన వైపు చాలామంది. నాకు కోపం వచ్చేది అక్కడే. ఆ చెంబెడు పాలు క్యాన్‌లో, క్యాన్ కూలర్‌లో, కూలర్ ట్యాంకర్‌లో కలుస్తాయి. పట్టుబడితే ఊరందరి పాలూ వెనక్కి వస్తాయి, పట్టుబడకపోతే ఎవరి పిల్లలో తాగుతారు. పాలు పోసే పుస్తకంలో ఆ రోజులు ఖాళీగా ఉంటే డబ్బు నష్టమే, కాదనను. అందుకే సూది వేయించే ముందే డాక్టరును "పాలు ఎన్నాళ్లు ఆపాలి" అని అడగండి. రెండు మందుల్లో ఏదైనా పనిచేసే రోగమైతే తక్కువ గడువు ఉన్నది రాయగలరు.

పిండిన పాలు కాలువలో పారబోయకండి, పెంట గుంటలో పోయండి. దూడకు బకెట్‌తో తాగించవద్దు. చేపడానికి వదిలినప్పుడు అది తాగే కాస్త ఎలాగూ తప్పదు.