షుగర్ గ్లైడర్‌కు ఆపిల్ ముక్కలు, తేనె పెడితే సరిపోతుందా?

నమస్కారం. రెండు వారాల క్రితం ఒక సంతలో, రెండు నెలల వయసని చెబితే, షుగర్ గ్లైడర్ (కంగారూలా పొట్టమీది సంచిలో పిల్లను పెంచే, చెట్టు నుంచి చెట్టుకు గాలిలో తేలుతూ దూకే చిన్న జంతువు) పిల్లను కొన్నారని, అమ్మినవారు చెప్పినట్టే గుళికల మేత, ఆపిల్ ముక్క, కాస్త తేనె పెడుతున్నారని, అయినా అది చేయి చాపితే చాలు గట్టిగా అరుస్తోందని, అర్ధరాత్రి కుక్కపిల్లలా మొరుగుతోందని, ఒక్కటే ఉంటే బెంగ పెట్టుకుంటుందా అని మీరు అడిగారు. మేము డాలస్ దగ్గర ఉంటాం. ఆరేళ్లుగా మా ఇంట్లో ఈ ప్రాణులు ఉన్నాయి. మీకు చెప్పిన మాటలే మాకూ చెప్పారు, మేమూ నమ్మాం, దాని ఫలితాన్ని మా మొదటి గ్లైడర్ అనుభవించింది. అందుకని ముందుగా తిండి సంగతే రాస్తాను.

మా అమ్మాయి దానికి బుజ్జి అని పేరు పెట్టింది. ఆపిల్, అరటిపండు, ద్రాక్ష ఏది పెట్టినా ఇష్టంగా తినేది, బొద్దుగా ఉండేది, కాబట్టి ఆరోగ్యంగానే ఉందనుకున్నాం. అయిదో నెలలో ఒక రాత్రి పంజరం దగ్గరికి వెళ్లేసరికి అది ముందు కాళ్లతో కడ్డీని పట్టుకుని పైకి పాకడానికి ప్రయత్నిస్తోంది, వెనక కాళ్లు మాత్రం తడిసిన గుడ్డపీలికల్లా కిందికి వేలాడుతున్నాయి. ఇలాంటి జంతువులను చూసే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఎక్స్‌రే తీసి, ఎముకలు పలచబడిపోయాయని చెప్పారు. తిండిలో కాల్షియం, విటమిన్ డి తక్కువై, ఫాస్ఫరస్ ఎక్కువైనప్పుడు, రక్తంలో కాల్షియం పడిపోకుండా శరీరం దానిని సొంత ఎముకల నుంచే తోడుకుంటుందట. గ్లైడర్లలో ఆ లోపం చాలాసార్లు మొదట బయటపడేది వెనక కాళ్లలోనే. కాల్షియం, విటమిన్ డి వైద్యంతో పాటు, ఎగబాకడానికి వీలులేని చిన్న పెట్టెలో వారాల తరబడి ఉంచాక బుజ్జి మళ్లీ నడిచింది గానీ, మునుపటిలా దూకడం దానికి చేతకాలేదు.

ఆపిల్ విషం కాదు. చిక్కంతా పాళ్లలో ఉంది. గ్లైడర్ తినే మొత్తం తిండిలో కాల్షియం ఫాస్ఫరస్‌కు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఉండాలి. 100 గ్రాముల అరటిపండులో కాల్షియం 5 మిల్లీగ్రాములైతే ఫాస్ఫరస్ 22 మిల్లీగ్రాములు ఉంటుంది, ఆపిల్‌లోనూ ఫాస్ఫరస్‌దే పైచేయి, మొక్కజొన్నలో అయితే తేడా మరీ దారుణం. బొప్పాయిలో మాత్రం కాల్షియం 20, ఫాస్ఫరస్ 10 ఉంటాయి కనుక మా ఇంట్లో ఇప్పుడు బొప్పాయి, నారింజ, అంజీర తరచుగా కనిపిస్తాయి. దుకాణాల్లో అమ్మే మీల్‌వర్మ్ పురుగులలో కొవ్వు ఎక్కువ, ఫాస్ఫరస్ కాల్షియానికి పదింతలకు పైనే ఉంటుంది, కాబట్టి గ్లైడర్‌ను మచ్చిక చేసుకోవడానికి వాటిని ఒకటీ రెండూ ఇవ్వడమే తప్ప తిండిగా పెట్టకూడదు.

పేరులో షుగర్ ఉంది కదా అని ఇది పండ్లు తిని బతికే జంతువు అనుకుంటాం. ఆస్ట్రేలియా, న్యూగినీ అడవుల్లో దీని అసలు ఆహారం యూకలిప్టస్ చెట్ల తీపి రసం, పూలలోని తేనె, పుప్పొడి, పురుగులు, అకేషియా చెట్ల బంక. ఆ అకేషియాలు మన తుమ్మచెట్టుకు చుట్టాలే. తుమ్మబంక లాంటి ఆ జిగురులో కాల్షియం బాగా ఉంటుంది. పెంపుడు గ్లైడర్ల కోసం అమ్మే అకేషియా బంక పొడిని నీటిలో కలిపి, చిన్న కొమ్మకు రంధ్రాలు చేసి వాటిలో నింపి పెడితే, మావి గంటల తరబడి దానిని గీరుకుంటూ, నాకుతూ గడుపుతాయి. ఇండియన్ స్టోర్లలో దొరికే బాదంబంక వేరు, దానిని వాడకండి.

రోజూ పెట్టడానికి డాక్టరు మాకు సూచించినది లెడ్‌బీటర్స్ మిశ్రమం. 150 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీటిలో అంతే తేనెను కలిపి, పెంకు తీసిన ఉడికించిన గుడ్డు ఒకటి, ప్రొటీన్ ఎక్కువగా ఉన్న పసిపిల్లల సీరియల్ 25 గ్రాములు, విటమిన్లూ ఖనిజాలూ ఉన్న పొడి ఒక టీస్పూను వేసి మిక్సీలో మెత్తగా తిప్పాలి. మేము దానిని ఐస్ ట్రేలో గడ్డకట్టించి పెట్టుకుని, రాత్రికి కావలసినంత మాత్రమే కరిగిస్తాం. రాత్రి మొత్తం తిండి గ్లైడర్ బరువులో 15 నుంచి 20 శాతం, అంటే 100 గ్రాముల ప్రాణికి 15 నుంచి 20 గ్రాములు సరిపోతుంది. అందులో సుమారు సగం ఈ మిశ్రమం, సగం కీటకాలు తినే జంతువుల కోసం తయారుచేసిన మేత ఉండాలి. పండ్లు, కాల్షియం పొడి అద్దిన కీచురాళ్లు చిరుతిండి మాత్రమే. ఇతర పద్ధతులూ ఉన్నాయి, వాటితో పెంచేవారూ ఉన్నారు. అయితే ఏదో ఒక పద్ధతిని పూర్తిగా పాటించండి, ఒకదానిలోని మేతకు మరొకదానిలోని పొడిని కలిపితే పాళ్లు చెడిపోతాయి. పాత తిండిని ఒక్కసారిగా ఆపకుండా వారం పది రోజుల్లో మార్చండి. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, కాఫీ, టీ ఎప్పుడూ పెట్టకూడదు. ఉదయం పంజరంలో నమిలి ఉమ్మేసిన పండు పిప్పి కనిపిస్తే కంగారుపడకండి, రసం పీల్చుకుని పిప్పిని వదిలేయడం వాటి అలవాటు. మిగిలిన తిండిని మాత్రం పొద్దున్నే తీసేయండి, అందులో గుడ్డు ఉంది కదా.

ఇక అరుపుల సంగతి. కీచురాళ్లు గుంపుగా గొంతు చించుకున్నట్టుండే ఆ అరుపు కోపం కాదు, భయం. అరిచిన ప్రతిసారీ మీరు చేయి వెనక్కి లాక్కుంటే, అరిస్తే చేయి పోతుందని అది నేర్చుకుంటుంది, కాబట్టి చేతిని కదపకుండా అక్కడే ఉంచండి. పగలు అది నిద్రపోయే వేళ, మెత్తని ఫ్లీస్ గుడ్డతో కుట్టిన చిన్న సంచిలో పెట్టుకుని మెడలో వేసుకుని ఇంటిపనులు చేసుకోండి. మీ వాసనకు, గొంతుకు అది అలవాటు పడుతుంది. మా రెండోది రెండు నెలలకు గానీ నా అరచేతిలో కూర్చోలేదు. ఆ రోజు అది కీచురాయిని రెండు చేతులతో పట్టుకుని, వేరుశనక్కాయ ఒలుచుకున్నట్టు రెక్కలు తీసి పక్కన పడేస్తూ తిన్నది. సంచిలో దారపు పోగులు వేలాడకుండా చూడండి, గోళ్లు చిక్కుకుని వేళ్లు తెగే ప్రమాదం ఉంది. అది పరుగెత్తడానికి పంజరంలో పెట్టే చక్రానికి నడుమ ఇరుసు ఉండకూడదు, తోక చుట్టుకుంటుంది. పంజరం వెడల్పు కంటే ఎత్తు ముఖ్యం, కడ్డీల మధ్య సందు అరంగుళం దాటకూడదు, గది 24 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లబడకుండా ఉంటే మంచిది.

మొరగడం మామూలే. కానీ ఒంటరిగా ఉన్నది తోడు కోసం పిలిచే పిలుపు కూడా అదే. అడవిలో ఇవి ఆకులు పరచుకున్న ఒకే చెట్టుతొర్రలో గుంపుగా నిద్రపోతాయి. తోడు లేనివి ఒక్కోసారి తమ బొచ్చు పీక్కుంటాయి, తమ తోకనే కొరుక్కుంటాయి. మనం ఎంత ముద్దుచేసినా రాత్రి రెండు గంటలకు దాని పక్కన ఉండలేం, కాబట్టి రెండోదాన్ని తీసుకురమ్మనే నా సలహా. తెచ్చాక కొన్నాళ్లు వేర్వేరు పంజరాల్లో పక్కపక్కనే ఉంచి, పడుకునే సంచులను అటూ ఇటూ మార్చి వాసన అలవాటు చేయండి. మగది ఉంటే దానికి ముందే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలి. అయితే తీసుకునే ముందు ఇంట్లో అందరూ కూర్చుని ఒక విషయం మాట్లాడుకోండి. ఇవి సరిగా పెంచితే 10 నుంచి 12 ఏళ్లు బతుకుతాయి. రేపు ఉద్యోగం కాలిఫోర్నియాకు మారితే అక్కడ వీటిని పెంచడం చట్టవిరుద్ధం, తీసుకెళ్లలేరు. ఇండియాకు నెల రోజులు వెళ్తే ఎవరు చూస్తారో కూడా ఇప్పుడే అనుకోవాలి.

అమ్మినవారు రెండు నెలలు అన్నది తల్లి సంచి నుంచి బయటికి వచ్చినప్పటి లెక్కా కాదా అని కనుక్కోండి. గర్భంలో 16 రోజులు, తల్లి సంచిలో దాదాపు 70 రోజులు ఉంటాయి కనుక వయసును బయటికి వచ్చిన రోజు నుంచే లెక్కపెడతారు. ఆ లెక్కన ఎనిమిది వారాలు నిండకపోతే దానికింకా తల్లిపాలు అవసరం, డాక్టరుకు వెంటనే చూపించాలి. వంటింటి త్రాసు మీద వారానికోసారి బరువు చూసి రాసిపెట్టుకోండి. బరువు తగ్గినా, మెడ వెనక చర్మాన్ని మెల్లగా పట్టి వదిలితే వెంటనే సర్దుకోకపోయినా, వెనక కాలు ఏ కొంచెం ఈడ్చినా, తెల్లారనిద్దాం అనుకోకుండా ఆ రాత్రే తీసుకెళ్లండి.