పులి బొమ్మ రగ్గు, బాతు నూగు బొంత

జూలైలో కర్నూలు వెళ్ళినప్పుడు మా ఎదురింటి అక్క నన్ను పంచాయతీకి పిలిచింది. ఆమె కొడుకు ఆగస్టులో, అమెరికాలో నేనుండే కొలరాడో రాష్ట్రంలోనే, డెన్వర్ దగ్గర ఎం.ఎస్.లో చేరబోతున్నాడు. తెరిచిన సూట్‌కేసులో సగం జాగా ఆక్రమించి, పులి బొమ్మ ఉన్న ఎర్ర రగ్గు ఒకటి కూర్చుని ఉంది. ఉక్కపోతకు అందరం చెమటలు కక్కుతున్నాం. ఆ రగ్గును చూస్తుంటేనే ఒళ్ళంతా చిటపటలాడుతోంది.

"అక్కడ మంచు కురుస్తుందని నువ్వే కదా తమ్ముడూ చెప్పేది! తీసుకుపొమ్మని వీడికి చెప్పు" అంది అక్క.

"మామా, నేను కొండల్లో క్యాంపింగ్‌కు వెళ్తాను. మీతో వేటకు కూడా వస్తాను. బాతు నూగు నింపిన డౌన్ క్విల్ట్ కొనుక్కుంటాను. ఈ పులిని మోసుకుపోయి ఏం చేయాలి?" అన్నాడు వాడు.

రగ్గును బరువు యంత్రం మీద పెట్టి చూశాం. 4 కిలోల 300 గ్రాములు. సూట్‌కేసుకు ఇచ్చేదే 23 కిలోలు. వాడు చెప్పే క్విల్ట్ 700 గ్రాములుంటే గొప్ప. ఆ మాట వినగానే అక్క ముఖంలో అపనమ్మకం కొట్టొచ్చినట్టు కనబడింది. ఏడు వందల గ్రాముల దుప్పటి మైనస్ ఏడు డిగ్రీల చలిని ఆపుతుందంటే ఎవరు నమ్ముతారు? కొలరాడో వచ్చిన కొత్తలో నేనూ నమ్మలేదు. ఆ పూట వాళ్ళింట్లో చెప్పినదే, కొత్తగా వచ్చే మన పిల్లలందరికీ పనికొస్తుందని రాస్తున్నాను.

మా చిన్నప్పుడు చలికాలానికి ముందు దూదేకులాయన భుజాన పెద్ద విల్లు వేసుకుని మా వీధికి వచ్చేవాడు. అప్పడంలా అణిగిపోయిన పరుపును మా జేజి ఆయన ముందు పడేసేది. ఆయన కుట్లు విప్పి, గడ్డకట్టిన దూదిని చాప మీద పోసి, విల్లు తాడును దాని మీద ఆనించి కొయ్యతో కొట్టేవాడు. టంయ్ టంయ్‌మని ఆ మోత వీధి చివరిదాకా వినిపించేది. దూది పొరలు పొరలుగా లేచి, ఆయన మీసాల మీద, కనురెప్పల మీద వాలేది. సాయంత్రానికి అదే దూది, అదే పరుపు, ఎత్తు మాత్రం రెట్టింపు. "కొత్త దూది కలిపావా?" అని జేజి అనుమానంగా అడిగితే, "గాలి కలిపానమ్మా" అని నవ్వేవాడు.

డౌన్ క్విల్ట్ కిటుకంతా ఆ జవాబులో ఉంది. దుప్పటి వేడిని పుట్టించదు. పుట్టించేది మన ఒళ్ళే. ఆ వేడి పారిపోకుండా కదలని గాలిని పట్టి ఉంచడమే దుప్పటి పని. బాతు, పెద్దబాతుల పైఈకల కింద, పొట్ట దగ్గర, కాడ లేని మెత్తటి నూగు ఉంటుంది. దాన్నే డౌన్ అంటారు. అంత తక్కువ బరువుతో అంత గాలిని పట్టి ఉంచే సరుకు మరొకటి దొరకడం కష్టం.

దీని నాణ్యతను ఫిల్ పవర్ అనే అంకెతో చెబుతారు. ఒక ఔన్సు, అంటే 28 గ్రాముల నూగు విచ్చుకుని ఎన్ని ఘనపు అంగుళాల జాగా నింపుతుందో ఆ అంకె. 900 రకమైతే ఆ 28 గ్రాములే దాదాపు 14.7 లీటర్ల జాగాను ఆక్రమిస్తుంది. గుప్పెడు నూగు ఒక నీళ్ళ బిందెను నింపేస్తుందన్నమాట. 650 రకమైతే పదిన్నర లీటర్లు.

కొత్తవాళ్ళు పప్పులో కాలేసేది ఇక్కడే. 900 అని చూడగానే ఇదే ఎక్కువ వెచ్చన అనుకుంటారు. ఆ అంకె నూగు జాతిని చెబుతుందే తప్ప, లోపల ఎంత నింపారో చెప్పదు. 900 రకం నూగు 230 గ్రాములు నింపితే వచ్చేది 120 లీటర్ల ఉబ్బు. 650 రకం 450 గ్రాములు నింపితే దాదాపు 170 లీటర్లు. ఒకే కొలతల క్విల్ట్‌లైతే రెండోదే వెచ్చన, కాకపోతే బరువు. అందుకని అమ్మేవాడిని ఫిల్ పవర్‌తో పాటు నూగు బరువు ఎంతని కూడా అడగండి. ఆ లెక్క చెప్పని చోట నేను కొనను. అడగడానికి మొహమాటమైతే క్విల్ట్‌ను నేల మీద పరిచి, దులిపి, కాసేపు వదిలేసి, మందం కొలవండి. మైనస్ ఏడుకు పనికొచ్చేదని చెప్పే క్విల్ట్ రెండు, రెండున్నర అంగుళాలైనా ఉబ్బాలి.

క్విల్ట్ ఎంత చలిని ఆపుతుందో చెప్పే అంకెలు అమెరికాలో ఫారెన్‌హీట్‌లో ఉంటాయి. 40 అంటే మనకు 4 డిగ్రీలు, 20 అంటే మైనస్ 7, సున్నా అంటే మైనస్ 18. స్లీపింగ్ బ్యాగులకు ఒక అంతర్జాతీయ ప్రమాణం ఉంది. అందులో హాయిగా నిద్రపట్టే ఉష్ణోగ్రత ఒకటి, ముడుచుకుని ఎలాగో నెట్టుకొచ్చే ఉష్ణోగ్రత మరొకటి. క్విల్ట్‌లు చాలావరకు ఆ పరీక్షకు వెళ్ళవు, తయారు చేసినవాళ్ళ మాటే ప్రమాణం. వాళ్ళలో ఎక్కువమంది రెండో రకం లెక్కనే చెబుతారని నా అనుభవం. పైగా మనం చలికాలపు తెల్లవారుజామున 16 డిగ్రీలకే మంకీ క్యాపు పెట్టుకునే కర్నూలు, అనంతపురం, కడప మనుషులం. కాబట్టి వాళ్ళు చెప్పిన అంకెకు పది ఫారెన్‌హీట్ డిగ్రీలు కలుపుకోండి. 30 దాకా చలి పడే చోటికి వెళ్తుంటే 20 రకం కొనండి.

క్విల్ట్‌కు, స్లీపింగ్ బ్యాగుకు తేడా ఏమిటని వాడు అడిగాడు. బ్యాగు సంచీ, క్విల్ట్ దుప్పటి. పాదాల దగ్గర మాత్రం మూసి ఉంటుంది, వీపు కింద ఏమీ ఉండదు. మనం పడుకున్నాక ఒంటి కింద నలిగిన నూగులో గాలి మిగలదు, గాలి లేని నూగు వెచ్చగా ఉండదు. పనికిరాని ఆ కింది భాగాన్ని కత్తిరించి పారేసి బరువు తగ్గించారు, అంతే. అయితే వీపును కాపాడే బాధ్యత మొత్తం కింద పరిచే ప్యాడ్ మీద పడుతుంది.

ఈ సంగతి నాకు మొదటి యాత్రలోనే వీపు మీద రాసిపెట్టినట్టు తెలిసింది. అక్టోబరులో, పదివేల అడుగుల ఎత్తున, స్నేహితుడి దగ్గర అరువు తెచ్చిన మేలైన క్విల్ట్ కప్పుకున్నాను. కింద నేను కొన్నది నాలుగంగుళాల మందం గాలి పరుపు, ఈతకొలనులో తేలేవాళ్ళు వాడే రకం. లావుగా ఉంది కదా, ఇంకేం కావాలి అనుకున్నాను. రాత్రి రెండింటికి మెలకువ వచ్చింది. ఛాతీ మీద వెచ్చగా చెమట, వీపు కింద మాత్రం ఎవరో తడి బండ దోపినట్టు. ఆ పరుపులో గాలి అటూ ఇటూ తిరగడానికి కావలసినంత చోటు ఉంది. పైనుంచి నా వేడిని తీసుకోవడం, కింద నేలకు అప్పగించడం, తెల్లవార్లూ అదే పని. చివరికి వాన కోటు, ఖాళీ సంచీ, మిగిలిన బట్టలన్నీ వీపు కింద పరిచి కూర్చున్నాను.

ప్యాడ్ చలిని ఎంత ఆపుతుందో ఆర్-వేల్యూ అనే అంకె చెబుతుంది. దీన్ని కొలవడానికి 2018లో ఒక ప్రమాణం వచ్చింది కాబట్టి, దాని ప్రకారం కొలిచిన ప్యాడ్‌లను ఒకదానితో ఒకటి ధైర్యంగా పోల్చుకోవచ్చు. వేసవికి 2 చాలు. నీరు గడ్డకట్టే చోట 4కు తగ్గొద్దు. మంచు మీదైతే 5, 6 కావాలి. ఇంకో సంతోషం, ఈ అంకెలు కూడుకుంటాయి. 2 ఉన్న నురుగు చాప మీద 4 ఉన్న గాలి ప్యాడ్ పరిస్తే 6. మీ దగ్గర డబ్బు కొంచెమే ఉంటే ముందు ప్యాడ్ మీద పెట్టండి. మంచి ప్యాడ్ మీద నాసి క్విల్ట్‌తో నిద్రపోయినవాళ్ళను చూశాను. మేలైన క్విల్ట్, నాసి ప్యాడ్‌తో పడుకున్నవాడి కథ పైన చెప్పాను.

మనవాళ్ళకు మరో అలవాటుంది, ముసుగుతన్ని పడుకోవడం. డౌన్‌కు అది శత్రువు. రాత్రంతా మనం వదిలే ఊపిరిలోని తేమ నూగుకు పడుతుంది. తడిసిన నూగు కోడిపిల్ల వానలో తడిసినట్టు ముద్దయిపోతుంది, ఆరడానికి రోజులు పడుతుంది. తలకు ఉన్ని టోపీ పెట్టుకుని ముక్కును బయటే ఉంచండి. తెల్లవారుజామున గుడారం గోడలకు నీటిబొట్లు పడతాయి. పాదాల కొస దానికి తగలకుండా వాన కోటు కప్పండి. మధ్యాహ్నం ఎండ తగిలితే క్విల్ట్‌ను గుడారం మీద ఆరేయండి. తేమను తట్టుకునేలా శుద్ధి చేసిన నూగు కూడా వస్తోంది. ఉంటే మంచిదే, దాన్ని నమ్ముకుని వానలో మాత్రం పడుకోకండి.

పైగుడ్డ విషయంలో మన ధర్మవరం నేతగాళ్ళకు నేను చెప్పేదేమీ ఉండదు. డెనియర్ అనేది పట్టు దారానికి పుట్టిన కొలతే. 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. క్విల్ట్‌ల నైలాను 7 నుంచి 20 దాకా ఉంటుంది. 7 డెనియర్ గుడ్డ అరచేతిలో పెట్టుకుంటే చేతిగీతలు కనిపిస్తాయి. ముచ్చటగానే ఉంటుంది కానీ కత్తి, బూటు కొక్కేలు, ముళ్ళకంపల మధ్య తిరిగే వేటగాళ్ళకు 10కి తగ్గొద్దంటాను. వెడల్పు విషయంలో పిసినారితనం పనికిరాదు. పక్కకు తిరిగి పడుకునేవాళ్ళయితే వెడల్పు రకమే తీసుకోండి, లేకపోతే తిరిగినప్పుడల్లా నడుము దగ్గర చలిగాలి దూరుతుంది. ప్యాడ్‌కు కట్టుకునే పట్టీలు ఉన్నాయో లేదో చూసుకోండి.

క్యాంపింగ్‌కు ఇంత బరువు లెక్కలు అవసరమా అంటే, ఒక రాత్రికైతే అక్కర్లేదు. వేటలో కథ వేరు. కొలరాడో కొండల్లో ఎల్క్ అనే పెద్ద దుప్పి ఉంటుంది, మగదైతే మూడు వందల కిలోలు తూగుతుంది. దాన్ని కొట్టడం గొప్ప కాదు, తినదగిన మాంసాన్ని పారేయకూడదని చట్టం. ముక్కలు చేసి, వీపున వేసుకుని, మైళ్ళ తరబడి, నాలుగైదు విడతలు దిగాలి. మా జట్టులో మొదటి మూడేళ్ళు నేను వంటవాణ్ణి, కూలివాణ్ణి. అప్పుడే కిలో బరువు విలువ తెలిసింది. ఇక్కడ ఎలుగుబంట్లు ఉంటాయి, తిండి గుడారంలో పెట్టుకోవద్దు. మన పల్లీల పొడి వాసన వాటికీ ఇష్టమే.

వేట అనగానే అబ్బాయి వాళ్ళ నాన్న ఉలిక్కిపడ్డాడు. రోళ్ళపాడు దగ్గర వాళ్ళ చేలో జింకలు పడి మేస్తుంటే అదిలించడమే తప్ప రాయి కూడా విసరడు. మన దేశంలో 1972 చట్టంతో వేట నిలిచిపోయింది కాబట్టి ఆ భయం న్యాయమే. అక్కడ అది లైసెన్సుతో సాగే వ్యవహారం. కొలరాడోలో 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారు వేట భద్రతా శిక్షణ పూర్తి చేయాలి. రైఫిల్ రోజుల్లో కనీసం 500 చదరపు అంగుళాల మెరిసే నారింజ లేదా గులాబీ రంగు బట్ట ఒంటి మీద ఉండాలి, తలకూ అదే రంగు టోపీ. అన్నిటికన్నా ముఖ్యం: ఎఫ్-1, హెచ్-1బి లాంటి వీసాల మీద ఉన్నవారు తుపాకీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. స్నేహితుడి తుపాకీయే కదా అని సరదాకు పట్టుకుని ఫోటో దిగకండి. వీసాల లాయరును అడగకుండా ఆ జోలికి వెళ్ళొద్దని వాడికి అమ్మానాన్నల ఎదుటే చెప్పాను.

"బాతు ఈకలంటావు, దేవుడి గది ఉన్న ఇంట్లో పెట్టుకోవచ్చా?" అని అక్క సందేహం. మాంసం కోసం పెంచిన పక్షుల నుంచి వచ్చేదే ఎక్కువ అని చెప్పాను. బతికున్న పక్షుల నుంచి పీకలేదని హామీ ఇచ్చే ముద్రలు ఉంటాయి, చూసి కొనాలి. మనసు ఒప్పకపోతే కృత్రిమ పీచు నింపిన క్విల్ట్‌లు ఉన్నాయి. బరువు కాస్త ఎక్కువ, ధర తక్కువ, తడిసినా కొంత వెచ్చదనం మిగులుతుంది. నిజానికి తొలి ఏడాదికి నేను వాటికే ఓటేస్తాను.

ఇంటికొచ్చాక క్విల్ట్‌ను చిన్న సంచీలో కుక్కి వదిలేయకండి, వదులు సంచీలో వేయండి. ఉతికితే నూగుకు తగిన సబ్బుతో, పిండకుండా, రెండు చేతులతో కింద ఆసరా ఇచ్చి ఎత్తాలి. డ్రయ్యర్లో తక్కువ వేడి మీద రెండు మూడు టెన్నిస్ బంతులతో కలిపి తిప్పితే గడ్డలు విడిపోతాయి. అది ధడ్ ధడ్‌మంటుంటే నాకు దూదేకులాయన విల్లే గుర్తొస్తుంది.

మంచి డౌన్ క్విల్ట్‌కు మూడు, నాలుగు వందల డాలర్లవుతుంది. చిన్న తయారీదార్లు చాలామంది ఆర్డరు ఇచ్చాకే కుడతారు, వారాలు పడుతుంది. ఈ సెప్టెంబరుకు వాడికి ఎలాగూ అందదు. కొలరాడోలో క్యాంపింగ్ సామాను అద్దెకిచ్చే దుకాణాలున్నాయి, చాలా యూనివర్సిటీలు కూడా ఇస్తాయి. రెండు మూడు రాత్రులు అద్దె సరుకుతో పడుకుని, చలి నీకు ఎక్కడ తగులుతోందో తెలుసుకుని, వచ్చే వేసవిలో కొనుక్కో అన్నాను.

"అయితే రగ్గు వద్దన్నట్టేనా?" అంది అక్క, చిన్నబోయిన ముఖంతో.

తీసుకుపొమ్మన్నాను. చేరిన మొదటి వారం అపార్ట్‌మెంట్లో మంచం ఉండదు, కార్పెట్ మీదే పడక. "కప్పుకోవద్దురా, నాలుగు మడతలు పెట్టి కింద వేసుకో" అన్నాను. అక్క వెంటనే సూట్‌కేసులోంచి రెండు జీన్స్ ప్యాంట్లు తీసి మంచం మీద పడేసింది.